మడతలో పోయిన సందు

నవంబర్ 18, 2024

1983 ఆగస్టు పదకొండు, గురువారం. సాయంత్రం నాలుగు గంటలకు కొలతలు రాసుకునే ఫీల్డ్‌బుక్కు తీసుకుని ఆఫీసుకు వస్తానని, మ్యాపు మీద సంతకం పెడతానని సర్వేయరు మునస్వామి నాకు మాట ఇచ్చాడు. రాలేదు. నలభై ఒక్క ఏళ్ళయింది. నా గడియారంలో ఆ నాలుగు ఇంకా కొట్టలేదు.

డైరీ మొదలుపెట్టింది దాని గురించి కాదు. అది ఎప్పుడూ ఉండేదే. సచివాలయం గోడకు ఈ రోజు ఊరి కొత్త ప్లాను అంటించారు. పేరు 'నడక పట్నం'. ఊరు హైవే వెంబడి పాకకుండా ఉన్నచోటే ఒద్దికగా పెరగాలట. ఊరి మధ్యలో ముళ్ళకంపలు మొలిచిన ఖాళీ జాగాలు ముందు నిండాలట. అంగళ్ళ మీద ఇళ్ళు రావాలట. బడి, అంగడి, ఆసుపత్రి, బస్సు, అన్నీ పది నిమిషాల నడకలో ఉండాలట. ఇదంతా నేను 1983లోనే పదకొండు పేజీల నోటుగా రాసి పైకి పంపాను. డ్రాఫ్ట్స్‌మన్ మాట ఎవరికి కావాలి?

కళ్ళజోడు తుడుచుకుని ప్లానులో మా వీధి వెతికాను. లస్కర్ వీధి ఉంది. పూలంగడి ఉంది. రెంటికీ మధ్య ఒకే దిమ్మెలా రంగు పూసేశారు. చింతపండు సందు లేదు. నడక ప్లానులో నడిచే దారే లేదు.

ఎనిమిది అడుగుల సందు అది. చింతపండు మండీల వెనకనుంచి పోయేది. మా గుమ్మం నుంచి పూలంగడికి నాలుగు నిమిషాలు. ఆ వాసనకు నోరూరి జనం ఇంకాస్త తొందరగా నడిచేవారు. 1996లో నేను తిరుపతికి డెప్యుటేషన్ మీద పోయినప్పుడు ఎవడో కొత్త కుర్రాడు మ్యాపు తిరగరాశాడు. అందులో సందు లేదు. 1998లో మండీ వాళ్ళు రెండు చివర్లా గోడ కట్టారు. సర్వేయరు మునస్వామి కొలతలు సరిగా ఇవ్వలేదని నేనన్నాను. నేను గీత గీయడం మరిచానని అతనన్నాడు. మాటలు ఆగిపోయాయి.

అభ్యంతరాలు జనవరి పది దాకా తీసుకుంటారు. ఆ తర్వాత ఆ దిమ్మె దిమ్మెగానే ఖాయం. మండీ ఓనరు మునిశేఖర్ అక్కడ మూడంతస్తులు లేపుతాడని విన్నాను.

నాకేం, కాళ్ళు బాగానే ఉన్నాయి. మా ఆవిడ ఉమ్మే సల్మాకు రెండేళ్ళ కింద మోకాలి ఆపరేషన్ అయింది. నాలుగైదు వందల అంగలు వేస్తుంది, అంతకు మించి వేయలేదు. ఆమె ప్రాణస్నేహితురాలు తిరుమలమ్మ పూలంగడిలో ఉంటుంది. తిరుమలమ్మ ఎవరి భార్యో రాయడం నాకిష్టం లేదు. మునస్వామి భార్య.

ఈ డైరీ తెలుగులో రాస్తున్నాను. సల్మాకు ఉర్దూ తప్ప చదవడం రాదు.

నవంబర్ 19

వాన. బయటికి పోలేదు. మునస్వామి కూడా పోయి ఉండడు. అదొక తృప్తి.

నవంబర్ 22

లెక్క పెట్టాను. మా గుమ్మం నుంచి మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగి పూలంగడికి 2,340 అంగలు. ముప్ఫై ఒక్క నిమిషాలు. అందులో ఏడు నిమిషాలు రోడ్డు దాటడానికే నిలబడ్డాను. లారీలవాళ్ళు నన్ను చూసి హారన్ కొట్టారు, రోడ్డు మీద మనిషి ఉండటం ఏదో వింత అన్నట్టు. సందులోనైతే 412 అంగలు. ఆ అంకె నాకు కంఠస్థం.

అప్పట్లో మా పెద్ద ఆఫీసరొకాయన నా నోటు మీద కాఫీ గ్లాసు పెట్టి, "కాశిం, ఇంకో పదేళ్ళలో అందరికీ స్కూటర్లొస్తాయి. నడిచేదెవరు?" అన్నాడు. రిటైరయ్యాక డాక్టరు ఆయన్ను రోజూ గంటసేపు నడవమన్నాడు. నడవడానికి ఆయన కారెక్కి స్టేడియానికి పోయేవాడు. నేను రోజూ గేటు దగ్గర నిలబడి నమస్కారం పెట్టేవాణ్ణి. గౌరవంతో కాదు.

మా అబ్బాయి ఉబేద్ కూడా ఆ కోవలోనే చేరాడు. బంగారుపాళ్యం రోడ్డులో వెంచరు అమ్ముతున్నాడు. మామిడితోట కొట్టేసి, వీధులకు బేనీషా వీధి, తోతాపురి వీధి, ఇమాంపసందు వీధి అని పేర్లు పెట్టారు. చచ్చినవాళ్ళ పేర్లు పెట్టుకోవడం మామూలేగానీ, చంపినవాళ్ళే పెట్టడం ఇక్కడే చూశాను. ఆర్చికి రెండు పక్కలా సిమెంటు ఏనుగులు. నిన్న నన్ను కూడా తీసుకుపోయి చూపించాడు.

"ఆడ నిలబడి గాలి సూడు అబ్బా, ఎట్లుండాదో" అన్నాడు.

"గాలి బాగుండాది. ఉప్పు పాకెట్టు యాడ దొరుకుతాది?" అన్నాను.

ఆరు కిలోమీటర్లట. తిరిగొచ్చేటప్పుడు కారులో వాడు నాతో మాట్లాడలేదు. నేను హాయిగా కిటికీలోంచి తోటలు చూస్తూ వచ్చాను, మిగిలినవి.

నవంబర్ 27

ఒక అమ్మాయి వచ్చింది. పేరు స్టెల్లా. మా వార్డులకు ప్లానింగ్ ఆఫీసరు. సొంతూరు నాయుడుపేట. నడక ప్లాను గీసింది తనేనట. తిడదామని నోరు తెరిచేలోగా సంచిలోంచి పాత కాగితాలు తీసింది. నా నోటు. మొదటి పేజీ మీద గుండ్రటి కాఫీ మరక.

"ఇది రాసింది మీరేనా సార్?"

"మరక తప్ప మిగతాదంతా నాదే."

నవ్వింది. రికార్డు రూములో దొరికిందట. ప్లానుకు ఆ ఆలోచన దాన్నుంచే వచ్చిందని చెప్పింది. వాళ్ళ ఊళ్ళో హైవే వెడల్పు చేశాక వాళ్ళమ్మ ఎదురుగా కనబడే చర్చికి పోవాలంటే ఆటో ఎక్కి ఎక్కడో మలుపు తిరిగి రావాలట. కిటికీలోంచి చూస్తే చర్చి గంట ఊగడం కనిపిస్తుందట. "కనిపించేదానికి ఆటో ఎందుకని మా అమ్మ పోవడం మానేసింది సార్" అన్నది. సల్మా ఆ మాటకు టీ ఇంకో అర గ్లాసు పోసింది.

మరి సందేదమ్మా అని అడిగాను. నోటులో సందు ఉంది, మ్యాపులో లేదు, అందుకే వచ్చానన్నది.

నవంబర్ 28

నోటు జిరాక్సు ఇచ్చిపోయింది. ఈ రోజు మూడుసార్లు చదివాను. ఒక్క మాట మార్చనవసరం లేదు. ఏడో పేజీలో కూడిక ఒకటి తప్పింది. అది ఎవరూ చూడరు.

డిసెంబర్ 3

రిటైరైన పద్నాలుగేళ్ళ తర్వాత ఆఫీసు మెట్లెక్కాను. స్టెల్లా రికార్డు రూములోంచి నా మ్యాపు తెప్పించింది. అసలుది, ట్రేసింగు గుడ్డ మీద ఇంకుతో గీసింది. అలాంటి గుడ్డ ఇప్పుడు దొరకదు. అవతలి వెలుతురు కనిపించేంత పలచగా, గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంటుంది. దాన్ని చుట్టి రేకు గొట్టంలో పెట్టాలి. మడవకూడదు. మడిస్తే ఆ మడత మీద ఇంకు పొట్టులా రాలిపోతుంది. నా కింద పనిచేసిన ప్రతివాడికీ మొదటిరోజు చెప్పే మొదటి మాట అదే. చుట్టు, మడవకు.

ఆ మ్యాపు ఎనిమిది మడతలు పెట్టి ఫైల్లో కుక్కి ఉంది. ఒక మడత సరిగ్గా లస్కర్ వీధికీ పూలంగడికీ మధ్యన పడింది. అంగుళానికి వంద అడుగుల మ్యాపు. అందులో ఎనిమిది అడుగుల సందంటే రెండు మిల్లీమీటర్లు. మడత ఆ రెండు మిల్లీమీటర్లనూ మింగేసింది. తిరగరాసినవాడికి అక్కడ ఏమీ కనిపించలేదు, ఏమీ గీయలేదు. పాపం వాణ్ణీ ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను.

"ఎవరు మడిచారు సార్?" అని స్టెల్లా అడిగింది.

అటెండరు అయి ఉంటాడన్నాను. అతని పేరేమిటంది. దయానంద్ అన్నాను. ఎక్కడున్నాడంది. చనిపోయాడన్నాను.

డిసెంబర్ 4

దయానందే మడిచి ఉంటాడు. ఎప్పుడూ తొందర మనిషి.

డిసెంబర్ 9

మండీకి పోయాను. పోట్లాడే ఉద్దేశంతోనే. మునిశేఖర్ లేచి కుర్చీ వేశాడు, మజ్జిగ తెప్పించాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"సాయిబు గారూ, మా నాయన గోడ కట్టినప్పుడు మ్యాపు సూసే కట్టినాడు. దొంగతనంగా కట్టలే. సందు ఉండిందని మీరు రుజువు సూపించండి. నా గోడ నేనే పగలగొడతా. మనిషిని గూడా పిలవను" అన్నాడు.

ఇంత మర్యాదస్థుడితో పోట్లాడటం ఎలా? మజ్జిగలో అల్లం కూడా బాగా పడింది. వచ్చేశాను.

డిసెంబర్ 20

స్టెల్లా ఫోను చేసింది. రెండు కావాలట. ఒకటి, సందు కొలిచిన సర్వేయరు ఫీల్డ్‌బుక్కు. రెండు, గీత ఎందుకు పోయిందో తెలిసిన మనిషి రాసిచ్చే వాంగ్మూలం. అటెండరు అయి ఉంటాడు అంటే చెల్లదు, మండీ తరఫు వకీలు నవ్వుతాడన్నది.

ఫీల్డ్‌బుక్కు ఒకతని దగ్గర ఉంది, ఇవ్వడు, అన్నాను. అడిగారా అన్నది. అడగలేదన్నాను. "సార్, ఇవ్వడని ఎవరు చెప్పారు మీకు?" అన్నది. ఈ కాలం పిల్లలకు పెద్దల మాట మీద నమ్మకం తక్కువ.

డిసెంబర్ 21

అడగను.

డిసెంబర్ 25

స్టెల్లా కేకు పంపింది. బాగుంది. అయినా అడగను.

జనవరి 1, 2025

కొత్త సంవత్సరం. అడగను.

జనవరి 3

పొద్దున లేచేసరికి సల్మా పెట్టె సర్దుకుని కూర్చుంది. మోకాలికి వ్యాయామం చేయించే డాక్టరమ్మ పూలంగడిలో ఉంది. రోజూ ఆటోలో పోయి రావడం తన వల్ల కాదట, తిరుమలమ్మ ఇంట్లో ఉండి చూపించుకుంటుందట. ఎన్ని రోజులంటే చెప్పలేదు. ఇద్దరూ ఫోన్లో ముందే అనుకున్న ముచ్చట ఇది. రోజుకు గంటసేపు మాట్లాడుకుంటే ఇలాంటివే పుడతాయి.

ఆటో ఎక్కాక ఒక మాట చెప్పింది.

"పోయేది ఆటోలో పోతా ఉండా. వచ్చేది మాత్రం నడిచే వస్తా. సందులో నుంచే."

"సందు లేదు గదా" అన్నాను.

"అట్లయితే నేనూ లేను" అని ఆటోవాణ్ణి పోనివ్వమంది.

ఆటోవాడు నన్ను అద్దంలో జాలిగా చూశాడు.

జనవరి 4

ఉప్మా చేశాను. ఉబేద్ తినలేదు. పిల్లులకు పెట్టాను. పిల్లులు కూడా ఉబేద్ పక్షమే.

ఇంకా ఆరు రోజులే ఉంది.

జనవరి 5

సల్మాను చూడటానికే పోయాను. ఇంకెందుకూ కాదు. 2,340 అంగలు.

మునస్వామి అరుగు మీద పేపరు చదువుతున్నాడు. జుట్టు మొత్తం నెరిసింది, అంత తెలుపు నాకు లేదు. తల ఎత్తలేదు.

"ఎవురూ?"

"కాశిం."

"ఏ కాశిం?"

"నీ ఫీల్డ్‌బుక్కు కోసరం వచ్చిన కాశిం."

పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఇరవై ఆరేండ్లకు దోవ తెలిసిందా సాయిబూ?"

"దోవ మూసేసినారు గదప్పా. సుట్టు తిరిగి వచ్చేలోపల ఇంతసేపు పట్టింది."

పెదవి బిగబట్టుకున్నాడు గానీ లోపలినుంచి ఇద్దరు ఆడవాళ్ళ నవ్వు వినిపించేసరికి తనకూ ఆగలేదు. నేను నవ్వలేదు. కొంచెమే నవ్వాను.

తిరుమలమ్మ దోసెలు వేసింది. మూడో దోసె మీద అడిగేశాను, నలభై ఒక్క ఏళ్ళుగా నాలిక చివర ఉన్న మాట. ఆ పొద్దు నాలుగు గంటలకు ఎక్కడికి పోయావని.

"యాడికి పోతాను, సందులోనే ఉండా. పొద్దన్నే నువ్వేమంటివి? నీ కొలిచే గొలుసు మీద నాకు నమ్మకం లేదు, ఎనిమిది అడుగులని ఎట్ల చెప్తావు అంటివి. నలుగురి ముందర అంటివి. మళ్ళా కొలిస్తి. రెండు దిక్కులా కొలిస్తి. వాన పట్టుకునింది, మండీ చూరు కింద నిలబడితి. నా సందును తప్పు కొలిచినానని నువ్వనేకొద్దీ నాకు అన్నం తినబుద్ధి కాలే."

ఆ మాట అన్నాను, నిజమే. అన్నంత మాత్రాన పోయి కొలవాలా?

పెట్టె తెరిచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన పుస్తకం తీశాడు. అట్ట మీద చెదలు లేదు, మరక లేదు. నా చేతికిస్తూ, "ఈడ సదవొద్దు. ఇంటికి పోయి సదువుకో" అన్నాడు.

జనవరి 6

చదివాను.

11-8-83. చింతపండు సందు. ఉత్తరం చివర 8 అడుగుల 2 అంగుళాలు. దక్షిణం చివర 8 అడుగుల 2 అంగుళాలు. వర్షం. కింద పెన్సిలుతో ఇంకో వరస. 'సా. 6.40. కాశిం మా ఇంటికి వచ్చినాడు. మ్యాపు మడిచి సైకిలు క్యారియరుకు కట్టి తెచ్చినాడు. మడవకూడదు గదా అన్నాను. వినలేదు. సంతకం పెట్టినాను.'

జనవరి 7

ఆ సాయంత్రం వాన పడుతోంది. రేకు గొట్టం బీరువాలో ఉంది, బీరువా తాళం దయానంద్ దగ్గర ఉంది. మర్నాడు పొద్దున బస్సులో మ్యాపు పైఆఫీసుకు పోవాలి. సైకిలు మీద నాలుగు అడుగుల మ్యాపును ఎవరైనా ఎలా తెస్తారు? మడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, తాడుతో కట్టి. ఇంకెవరైనా అంతే చేసేవారు.

మడిచిన చేతులకు ఆ గుడ్డ బిరుసు ఈ రోజు వరకూ గుర్తుంది. అది మాత్రం రాసుకుంటాను.

జనవరి 8

మళ్ళీ 2,340. ఈసారి సల్మా పేరు చెప్పలేదు. నేరుగా అడిగాను. 98లో సందు పోయినందుకు విచారణ జరిగింది. సంజాయిషీ మునస్వామినే అడిగారు. ప్రమోషను రెండేళ్ళు వెనక్కి పోయింది. ఈ పెన్సిలు వరస చూపించి ఉంటే తను బయటపడేవాడు, సందూ మిగిలేది. ఎందుకు చూపించలేదు?

గడ్డం గోక్కున్నాడు. "నువ్వు అప్పుడు తిరుపతి నుంచి తిరిగి రావాల్సుండె. ఇది సూపిస్తే నిన్ను ఏ మారుమూలకో ఏసేస్తారు. సల్మమ్మ నీతోనే పోతాది. మా తిరుమలమ్మ ఈడ అన్నం మానేస్తాది. సందు పోతే సుట్టు తిరిగైనా పోవచ్చులే అనుకుంటి."

"నిన్ను నేను ఊరంతా తిట్టినాను గదప్పా."

"తిట్టినావులే. బాగా తిట్టినావు. సదువుకున్నోడు తిడితే ఇనేదానికి బాగుంటాది."

నేను కాఫీ తాగకుండా లేచాను. వెళ్ళేటప్పుడు చెప్పులు తారుమారు వేసుకున్నాను. ఒకటి అతనిది, ఒకటి నాది. మెయిన్ రోడ్డు దాకా వచ్చాక తెలిసింది. వెనక్కి పోలేదు.

జనవరి 9

వాంగ్మూలం రాయడానికి ఆరు కాగితాలు చించాను. మొదటిదాంట్లో వాన గురించి ఒక పేజీ ఉంది. రెండోదాంట్లో బీరువా తాళం గురించి. చివరిది ఇది.

'1983 ఆగస్టు 11న ఈ మ్యాపును మడిచినది నేను. ఆ మడత వల్ల సందు గీత పోయింది. సర్వేయరు మునస్వామి కొలత సరైనదే. సంతకం, షేక్ కాశిం సాహెబ్, డ్రాఫ్ట్స్‌మన్, రిటైర్డ్.'

చిన్న కాగితమే. స్టెల్లాకు ఇచ్చి వచ్చాను. చదివి స్టాంపు వేసింది. దయానంద్ ఆత్మకు శాంతి కలగాలని మనసులో అనుకున్నాను.

జనవరి 24

ఈ రోజు విచారణ. పెద్ద బల్ల, కమిషనరు, స్టెల్లా, మునిశేఖర్, అతని వకీలు. మునస్వామి ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. సల్మా, తిరుమలమ్మ వెనక.

వాంగ్మూలం నన్నే చదవమన్నారు. చదివాను. గొంతు 'మడిచినది నేను' దగ్గర ఆగలేదు. ఆగుతుందనుకున్నాను.

వకీలు లేచాడు. ఇద్దరు ముసలి స్నేహితులు కలిసి ఇప్పుడు కథ అల్లారని అన్నాడు. స్నేహితులమని ఇరవై ఆరేళ్ళ తర్వాత మమ్మల్ని అన్నది మొదట అతనే. మ్యాపు మీద సందు ఉన్నట్టు ఏముంది, మడత తప్ప అన్నాడు. స్టెల్లా నా వైపు తిరిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇన్ని పుస్తకాలు చదివాను, నా పని నాకు గుర్తు రావడానికి వకీలు కావాల్సి వచ్చింది. ఇంకు పెట్టకముందు డ్రాఫ్ట్స్‌మన్ ప్రతి కొలతనూ డివైడరు సూదితో గుడ్డ మీద గుచ్చుతాడు. ఆ చుక్కల మీదుగా గీత లాగుతాడు. ఇంకు రాలుతుంది గానీ సూది బెజ్జం పోదు.

"మ్యాపును కిటికీకి ఆనించి పట్టుకోమ్మా" అన్నాను.

స్టెల్లా పట్టుకుంది. బయట ఎండ బాగా ఉంది. మడత పొడుగునా, ఈ వీధి నుంచి ఆ అంగడి దాకా, జంటలు జంటలుగా వెలుతురు చుక్కలు. పద్నాలుగు. ఏడు అటు, ఏడు ఇటు, మధ్యన రెండు మిల్లీమీటర్లు. గది మొత్తం లేచి కిటికీ దగ్గరికి వచ్చింది. కమిషనరు స్కేలు పెట్టి కొలిచాడు. మునస్వామి ఫీల్డ్‌బుక్కు తెరిచి పక్కన పెట్టాడు. ఎనిమిది అడుగుల రెండు అంగుళాలు.

మునిశేఖర్ ఒక బెజ్జానికి కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. వకీలు చెవిలో ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊరకుండప్పా. మజ్జిగ తాగిచ్చి మాటిచ్చినా" అన్నాడు.

నేను మునస్వామి వైపు చూడలేదు. అతను నా వైపు చూస్తున్నట్టు మెడకు తెలిసింది.

జనవరి 25

సల్మా ఇంకా రాలేదు. గోడ పడలేదు గదా అంటుంది. మొండిది. నేను రోజూ పోతున్నాను, 2,340 పోను, 2,340 రాను. షుగరు తగ్గింది. డాక్టరు మెచ్చుకున్నాడు. ఆ మెప్పు లారీలకు దక్కాలి.

ఫిబ్రవరి 20

మునిశేఖర్ అన్నంత పనీ చేశాడు. పంచె ఎగ్గట్టి తనే మొదటి సమ్మెట వేశాడు. రెండో దెబ్బకు నడుము పట్టేసింది. మిగతాది కూలీలు కొట్టారు. గోడల మధ్య ఇన్నేళ్ళ చెత్త, ముళ్ళకంప, ఒక సైకిలు చక్రం, దాని కింద పాత బండలు చెక్కుచెదరకుండా.

మునస్వామి టేపు తెచ్చాడు. నేను ఒక చివర పట్టుకున్నాను. ఎనిమిది అడుగుల ఒక అంగుళం వచ్చింది. అంగుళం ఏమైందని అరగంట వాదించుకున్నాం. మండీ గోడకు సున్నం పూతలు పడ్డాయని నేను, టేపు నేను సాగదీశానని అతను. స్టెల్లా బండ మీద కూర్చుని మాకోసం కాచుకుంది. పెద్దాఫీసు సందుకు ఒప్పుకున్న వెడల్పు ఎనిమిదే. అయినా ఆ అంగుళం ఎక్కడో ఉండాలి.

ఉబేద్ కూడా వచ్చాడు. సందు ఈ చివర నిలబడి అటు చూశాడు. పూలంగడి మల్లెల బుట్టలు కనిపిస్తున్నాయి. "ఇంత దగ్గరా అబ్బా?" అన్నాడు. గోడ కట్టినప్పుడు వాడికి పదేళ్ళు. మరిచిపోయాడు.

మార్చి 2

రంజాన్ మొదటి రోజా. సాయంత్రం ఇఫ్తారుకు ముందు గుమ్మంలో కూర్చున్నాను. కావాలనే, సందు కనిపించేట్టు కుర్చీ జరుపుకుని.

వచ్చింది. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేయి తిరుమలమ్మ భుజం మీద. తిరుమలమ్మ చేతిలో గంజి గిన్నె. పూలంగడి మసీదులో ఇచ్చిన గంజి, ఇంకా ఆవిరి వస్తోంది. మెయిన్ రోడ్డు తిరిగి వస్తే అది చల్లారిపోయేది. సందు మధ్యలో ఒకసారి ఆగింది. లేవబోయాను. ఆయాసానికి కాదట, చింతపండు వాసన చూడటానికట.

గుమ్మం దగ్గరికి వచ్చి, "ఐదువందల అరవై" అన్నది. ఆమె అంగలు చిన్నవి.

వెనకనే మునస్వామి నా చెప్పు ఒకటి చేత్తో పట్టుకుని వచ్చాడు. అతని చెప్పు లోపలినుంచి తెచ్చిచ్చాను. గంజి నలుగురికీ సరిపోయింది. ఉపవాసం లేని మునస్వామే ఎక్కువ తాగాడు.

మార్చి 4

నిన్నటినుంచి డైరీలో ఒక పుట మూలన గంజి మరక ఉంది. నేను వేసింది కాదు.

తెల్లవారుజామున రోజాకు ముందు అన్నం వారుస్తూ సల్మా తనలో తాను అనుకున్నట్టుగా, "దయానంద్ పూలంగడిలో కనబడినాడు. బాగుండాడు. నువ్వు ఎట్లుండావని అడిగినాడు" అన్నది.

తిరుమలమ్మ నలభై ఐదేళ్ళుగా ఈమెకు ఏమేం నేర్పిందో నాకు తెలియదు. ఇకమీదట ఏ భాషలో రాయాలో కూడా తెలియదు.

మార్చి 9

సందు నిండిపోయింది. బడి ఆడపిల్లలు ఇటే పోతున్నారు. మునిశేఖర్ మండీ వెనక గోడకు ఒక కిటికీ కొట్టించి చింతపండు తొక్కు అమ్మిస్తున్నాడు. ముందు వాకిలి కంటే అక్కడే జనమట. ఉబేద్ వెంచరులో ఇల్లు కొన్నవాళ్ళు ఇద్దరు, లస్కర్ వీధిలో అద్దెకు పోర్షను ఏమైనా ఉందా అని వాడినే అడిగారట. ఇప్పుడు వాడు మా మిద్దె మీద గది చూపిస్తూ, సందుకు ఎదురు, అన్నీ నడిచేంత దగ్గర అని చెప్తున్నాడు. నా నోటులో నాలుగో పేజీ అది. నా పేరు మాత్రం చెప్పడు.

స్టెల్లా వాళ్ళమ్మను తీసుకొచ్చి సందు చూపించింది. ఆమె ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచి, మా ఊళ్ళో కూడా ఒకటి పెట్టమ్మా అన్నది, కూరలో ఉప్పు వేయమన్నట్టు.

సాయంత్రం మునస్వామితో బండ మీద కూర్చున్నాను. ఒకరి మీద ఒకరం తప్పు పెట్టుకోవడం ఇక చాలన్నాడు. సరే అన్నాను. ఇంటికి వచ్చి ఆలోచించాను. న్యాయంగానే ఆలోచించాను. మడిచింది నేను, ఒప్పుకున్నాను, ప్రభుత్వ స్టాంపు కూడా పడింది. అతని గొలుసును నలుగురి ముందు అనుమానించిందీ నేనే. నా కోసం మాట పడి ఊరుకున్నది అతను. అదంతా సరే. కానీ ఆ రోజు నాలుగు గంటలకు వస్తానన్నవాడు నాలుగు గంటలకు వచ్చి ఉంటే నేను సైకిలు ఎక్కేవాణ్ణి కాను, వానలో పడేవాణ్ణి కాను, ఆ గుడ్డ మీద చెయ్యి పడేది కాదు. సల్మా, నువ్వు ఇది చదువుతావని తెలిసే రాస్తున్నాను, పోయి తిరుమలమ్మకు కూడా చెప్పు, ఇప్పుడు నాలుగు నిమిషాలే గదా. ఎవరు ఎన్ని చెప్పినా, దీనికంతటికీ కారణం ఒక్కడే. మునస్వామి.